ఊరికొకటి ఉన్న లైనక్స్ మిషన్లు, నెల్లూరులో ఒక ఏపీఐ: మిడిల్‌వేర్ సర్వర్ పెట్టుకునే పద్ధతి

"అన్నా, ఇందుకూరుపేటలో రొయ్యల గుంటల కాడ ఉన్న బాక్సులో సర్వీసు ఆగిపోయింది. మా వాడికి రూట్ పాస్‌వర్డ్ ఇచ్చేయనా?" ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంది. కావలిలో ల్యాబ్ రిపోర్టుల సర్వర్, చీమకుర్తిలో వేబ్రిడ్జి పక్కన చిన్న పీసీ, ఒంగోలులో బిల్లింగ్ మిషన్. అన్నీ చూసుకునేది మాత్రం ఒకరో ఇద్దరో.

రూట్ అంటే మిషన్ మీద పూర్తి అధికారం ఉన్న ఖాతా. దాని పాస్‌వర్డ్ ఇవ్వొద్దు. మధ్యలో ఒక సర్వర్ పెట్టండి, దాన్నే మిడిల్‌వేర్ అంటాం. ఫోన్‌లోని యాప్ గానీ ఆఫీసులోని వెబ్ పేజీ గానీ దానికి ఏపీఐ (ప్రోగ్రాములు ఒకదాన్నొకటి పని అడిగే పద్ధతి) ద్వారా "ఫలానా పని చెయ్" అని చెబుతుంది. అడిగింది ఎవరు, ఆ పనికి వాళ్లకు అనుమతి ఉందా అని అది చూసుకుని, ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు మిషన్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) మీద అసలు మిషన్‌కు వెళ్లి పని చేయించి, ఫలితాన్ని జేసన్ (ప్రోగ్రాములు చదవగలిగే టెక్స్ట్ రూపం)లో తిరిగిస్తుంది. రూట్ పాస్‌వర్డ్ ఎవరి చేతికీ పోదు.

మీ దగ్గర రెండు మిషన్లే ఉండి, చూసేది మీరొక్కరే అయితే ఇదంతా అక్కర్లేదు. మామూలు ఎస్‌ఎస్‌హెచ్ చాలు. మిషన్లు ఐదారు దాటాక, లైనక్స్ తెలియని వాళ్లు కూడా కొన్ని పనులు చేయాల్సి వచ్చినప్పుడే ఈ శ్రమకు అర్థం ఉంటుంది.

## 1. ముందు కాగితం, తర్వాత కోడ్

చాలామంది నేరుగా కోడ్‌లోకి దూకి, "ఏ కమాండ్ పంపితే అది నడిపే" ఒకే ఒక్క ఏపీఐ రాసేస్తారు. అది మిడిల్‌వేర్ కాదు, ఇంటర్నెట్‌లో తెరిచిపెట్టిన రూట్ షెల్, అంటే రూట్ అధికారంతో కమాండ్లు నడిపే చోటు. ఇది టిఫిన్ హోటల్ మెనూ బోర్డులా ఉండాలి. బోర్డు మీద లేనిది వంటింటి దాకా పోకూడదు.

ఆ బోర్డు రాయడమే మొదటి పని. సాధారణంగా ఇవి సరిపోతాయి:

- సర్వీసు నడుస్తోందో లేదో చూడడం
- సర్వీసు రీస్టార్ట్ చేయడం
- డిస్క్, మెమరీ ఎంత మిగిలిందో చూడడం
- ఒక సర్వీసు లాగ్‌లో చివరి 200 లైన్లు తేవడం
- బ్యాకప్ ఇప్పుడే తీయడం
- ప్యాకేజీలు అప్‌డేట్ చేయడం
- మిషన్ రీబూట్ చేయడం

ప్రతి పని పక్కన నాలుగు విషయాలు రాయండి:

☐ ఏ వివరాలు తీసుకుంటుంది, వాటికి ఏ విలువలు చెల్లుతాయి (సర్వీసు పేరైతే పేర్ల జాబితా ఉండాలి, ఖాళీ పెట్టె కాదు)
☐ ఎవరు అడగవచ్చు
☐ ఎంతసేపు పట్టవచ్చు
☐ పొరపాటున రెండుసార్లు జరిగితే నష్టం ఉందా

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. సిగ్నల్ సరిగా లేని చోట బటన్ నొక్కినవాడు రెండు సెకన్లలో ఏమీ కనబడకపోతే మళ్లీ నొక్కుతాడు.

ఒక మాట. గుంటల నీటికి గాలి పట్టించే ఏరియేటర్ల మోటార్లు ఆన్, ఆఫ్ చేసే పనిని ఈ బోర్డు మీద పెట్టొద్దు. ఆక్సిజన్ పడిపోతే రొయ్యలకు నెట్‌వర్క్ వచ్చేదాకా ఆగే ఓపిక ఉండదు. ఆ నియంత్రణ గట్టు మీదే ఉండాలి.

## 2. మిషన్లను సిద్ధం చేయడం

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. మిడిల్‌వేర్ కోడ్‌లో తప్పు దొర్లినా, ఎవరైనా దాన్ని చేజిక్కించుకున్నా, నష్టం ఎక్కడ ఆగుతుందో తేల్చేది ఈ అడుగే.

2.1 ప్రత్యేక యూజర్. ప్రతి మిషన్‌లో ఈ పనికోసమే ఒక యూజర్‌ను పెట్టండి. పాస్‌వర్డ్ లాగిన్ మూసేయండి. కానీ దాని షెల్‌ను "నోలాగిన్" (లాగిన్‌ను ఆపే షెల్)గా మార్చకండి. కింద 2.2లో చెప్పే "కమాండ్" కట్టుబాటును (ఫోర్స్‌డ్ కమాండ్) ఎస్‌ఎస్‌హెచ్ ఆ యూజర్ షెల్ ద్వారానే నడుపుతుంది. నోలాగిన్ పెడితే "ఈ ఖాతా అందుబాటులో లేదు" అనే మాట తప్ప ఇంకేమీ రాదు.

2.2 కీ. మిడిల్‌వేర్ సర్వర్‌లో ఈడీ25519 రకం కీ జత (పాస్‌వర్డ్ బదులు వాడే గుర్తింపు; ప్రైవేట్ కీ ఇక్కడే ఉంటుంది) తయారుచేయండి. పబ్లిక్ కీని మిషన్‌లో ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌లో పెట్టేటప్పుడు, ఆ లైన్ మొదట్లోనే మూడు కట్టుబాట్లు చేర్చండి:

- "కమాండ్": ఈ కీతో ఎవరొచ్చినా నడిచేది మీరు చెప్పిన ఒకే ఒక్క స్క్రిప్టు
- "రిస్ట్రిక్ట్": పోర్ట్ ఫార్వర్డింగ్, టెర్మినల్, ఏజెంట్ ఫార్వర్డింగ్ లాంటివన్నీ బంద్
- "ఫ్రమ్": మిడిల్‌వేర్ ఐపీ నుంచి వస్తేనే లోపలికి

ఆ స్క్రిప్టుకు యజమాని రూట్ అయి ఉండాలి. ఈ యూజర్‌కు దాన్ని మార్చే అనుమతి ఉంటే, వేసిన తాళానికే తాళంచెవి వేలాడదీసినట్టు.

2.3 వివరాలు పంపే దారి. ఇక్కడ అనుభవం ఉన్నవాళ్లు కూడా జారిపడతారు. ప్రోగ్రామ్‌లో కమాండ్‌ను ముక్కలుగా, అర్రేగా పంపితే సురక్షితం అనుకుంటాం. మన కంప్యూటర్ వరకు అది నిజమే. ఎస్‌ఎస్‌హెచ్ మాత్రం ఆ ముక్కలన్నింటినీ ఖాళీలతో కలిపి ఒకే వాక్యం చేసి అవతలి షెల్‌కు ఇస్తుంది. సర్వీసు పేరులో సెమీకోలన్ పెట్టి పంపినవాడికి అక్కడ దారి దొరుకుతుంది.

అందుకే వివరాలను కమాండ్ లైన్‌లో పంపకండి. జేసన్‌గా చేసి స్టాండర్డ్ ఇన్‌పుట్ (ప్రోగ్రామ్ డేటా చదువుకునే దారి) ద్వారా పంపండి. అవతలి స్క్రిప్టు దాన్ని చదివి, తన జాబితాతో పోల్చి, ఉంటేనే పని మొదలుపెట్టాలి. మిడిల్‌వేర్‌లో ఒకసారి తనిఖీ చేశాం కదా, మళ్లీ ఎందుకు అనుకోవద్దు. రెండు చోట్లా ఉండాలి.

2.4 సుడో. మామూలు యూజర్‌కు కొన్ని పనుల్లో రూట్ అధికారం ఇచ్చే కమాండ్ ఇది. రూట్ అధికారం కావలసిన పనులకు సుడోయర్స్ డాట్ డీ ఫోల్డర్‌లో వేరే ఫైల్ పెట్టండి. కమాండ్ పూర్తి పాత్, పూర్తి ఆర్గ్యుమెంట్లతో ఒక్కో లైన్ రాయండి.

☐ నక్షత్రం గుర్తు వాడొద్దు. ఆర్గ్యుమెంట్లలో అది ఖాళీలకు కూడా సరిపోతుంది. అంటే అదనపు ఆప్షన్లూ దూరిపోతాయి
☐ ఫైల్ పేరులో చుక్క ఉండకూడదు. ఉంటే సుడో ఆ ఫైల్‌ను చదవదు, ఏమీ చెప్పదు కూడా
☐ విసుడో తనిఖీ ఆప్షన్‌తో ఒకసారి చూడండి. వ్యాకరణం తప్పితే సుడో మొత్తం పనిచేయకపోవచ్చు
☐ సిస్టమ్‌సీటీఎల్ (సర్వీసులు నడిపేది), జర్నల్‌సీటీఎల్ (లాగ్ చూపేది) లైన్లలో "నో పేజర్" ఆప్షన్ తప్పనిసరి. పేజర్ (పొడవైన ఔట్‌పుట్‌ను పేజీలుగా చూపే ప్రోగ్రామ్) తెరుచుకుంటే అందులోంచి రూట్ షెల్‌లోకి పోవచ్చు

## 3. దారి వేయడం

నెల్లూరు టౌన్‌లో ఫైబర్ ఉన్న ఆఫీసుకు ఇది పది నిమిషాల పని. ముత్తుకూరు, కొత్తపట్నం వైపు 4జీ డాంగిల్ మీద నడిచే బాక్సుల సంగతి వేరు. మొబైల్ కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచుతాయి. కాబట్టి బయటి నుంచి ఆ బాక్సును పిలవలేం. బాక్సే బయటికి వచ్చి మనల్ని పలకరించాలి.

దీనికి వైర్‌గార్డ్ సరిపోతుంది. ఇంటర్నెట్ మీద రెండు మిషన్ల మధ్య రహస్య దారి (టన్నెల్) వేసే వీపీఎన్ ఇది. 2020లో వచ్చిన 5.6 వెర్షన్ నుంచి అది లైనక్స్ కెర్నల్‌లోనే ఉంది.

1. స్థిరమైన ఐపీ ఉన్న చోట మిడిల్‌వేర్ పెట్టండి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద పెట్టకండి. వైర్‌గార్డ్ ఎదుటివాడి డొమైన్ పేరును మొదట్లో ఒక్కసారే చూసుకుంటుంది. తర్వాత ఐపీ మారితే పాతదాన్నే పట్టుకుని కూర్చుంటుంది.
2. బాక్సు వైపు పర్సిస్టెంట్ కీపలైవ్ (దారి తెరిచి ఉంచడానికి పంపే చిన్న ప్యాకెట్) 25 సెకన్లు పెట్టండి. లేకపోతే మొబైల్ నెట్‌వర్క్ ఆ దారిని మూసేస్తుంది.
3. మిడిల్‌వేర్‌లో ప్రతి బాక్సుకూ విడిగా ఒక్కొక్క ఐపీ మాత్రమే కేటాయించండి. బాక్సు వైపు అనుమతించే ఐపీ మిడిల్‌వేర్‌ది ఒక్కటే.
4. మిడిల్‌వేర్‌లో ఐపీ ఫార్వర్డింగ్ ఆపి ఉంచండి. కావలి బాక్సుకు చీమకుర్తి బాక్సుతో పని లేదు.
5. బాక్సులో ఎస్‌ఎస్‌హెచ్ వైర్‌గార్డ్ ఐపీ మీద మాత్రమే వినేలా చేయండి.

కరెంటు పోయి వచ్చాక టన్నెల్ లేవడం లేదని చాలామంది అడుగుతారు. ఎక్కువ సార్లు కారణం గడియారమే. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్లలో 4 దాకా వచ్చిన బోర్డుల్లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. కరెంటు పోతే బోర్డు టైమ్ వెనక్కి జరుగుతుంది. వైర్‌గార్డ్ హ్యాండ్‌షేక్‌లో సమయం ముద్ర ఉంటుంది. ఇంతకుముందు చూసినదానికన్నా పాత సమయంతో వస్తే, పాత ప్యాకెట్‌ను ఎవరో మళ్లీ పంపుతున్నారని భావించి సర్వర్ పట్టించుకోదు.

పరిష్కారం: టైమ్ సర్వర్‌ను టన్నెల్ లోపల పెట్టకండి. ముందు మామూలు ఇంటర్నెట్ నుంచి టైమ్ సరిచేసుకుని, ఆ తర్వాతే వైర్‌గార్డ్ మొదలయ్యేలా సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులను మొదలుపెట్టేది)లో వరుస పెట్టండి. ఒక చిన్న ఆర్‌టీసీ (బ్యాటరీ గడియారం) మాడ్యూల్ తగిలిస్తే ఇంకా మంచిది. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన తీరమంతా చూసిన పరిస్థితి గుర్తుంది కదా. కరెంటు, నెట్ రెండూ పోయి, ఒకటి ముందు ఒకటి వెనక వచ్చే రోజులు ఇక్కడ ఏటా ఉంటాయి.

టన్నెల్ లేచి, పింగ్ వెళ్తున్నా ఎస్‌ఎస్‌హెచ్ మధ్యలో బిగుసుకుపోతే ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు)ను 1280కి తగ్గించి చూడండి.

## 4. మిడిల్‌వేర్ రాయడం

పైథాన్, గో, నోడ్, మీకు ఏది వస్తే అది. భాష కన్నా వరుస ముఖ్యం. ప్రతి అభ్యర్థనా ఈ క్రమంలోనే నడవాలి (401 లాంటివి ఏపీఐ తిరిగిచ్చే హెచ్‌టీటీపీ జవాబు కోడ్లు):

1. ఎవరు? టోకెన్ (ప్రతి మనిషికీ ఇచ్చే రహస్య గుర్తు) చూడాలి. తప్పయితే 401.
2. అనుమతి ఉందా? ఈ మనిషి, ఈ మిషన్, ఈ పని. లేకపోతే 403.
3. వివరాలు జాబితాలో ఉన్నాయా? లేకపోతే 422.
4. అదే మిషన్ మీద అదే పని ఇప్పటికే నడుస్తోందా? అయితే 409.
5. లాగ్‌లో "మొదలైంది" అని రాయాలి.
6. పని నడపాలి.
7. లాగ్‌లో ఫలితం రాయాలి.

5, 6 వరుస మార్చకండి. పని మధ్యలో మిడిల్‌వేరే పడిపోతే, ఎవరు ఏం మొదలుపెట్టారో తెలియాలంటే రాత ముందుండాలి.

వెంటనే జవాబు, తర్వాత ఫలితం. కొన్ని సెకన్లలో తేలని పనికి 202 ("తీసుకున్నాం")తో పాటు ఒక జాబ్ నంబర్ ఇచ్చి పంపేయండి. యాప్ ఆ నంబర్‌తో మళ్లీ అడుగుతుంది. అలా చేయకపోతే ముందుండే వెబ్ సర్వర్ ఇంజిన్‌ఎక్స్ మామూలుగా 60 సెకన్లు చూసి 504 ("జవాబు రాలేదు") ఇచ్చేస్తుంది. లోపల పని నడుస్తూనే ఉంటుంది, బయటివాడు ఫెయిలైందనుకుంటాడు.

రెండుసార్లు నొక్కుడు. యాప్ ప్రతి నొక్కుడుకూ ఒక ప్రత్యేక గుర్తు తయారుచేసి హెడర్‌లో పంపాలి. నెట్ తెగి యాప్ అదే అభ్యర్థనను తిరిగి పంపితే గుర్తు మారదు, కాబట్టి పాత జాబ్ నంబరే తిరిగివ్వండి. కొత్తగా నొక్కితే గుర్తు కొత్తదే, దాన్ని పై 409 ఆపుతుంది.

ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగులు:

☐ బ్యాచ్ మోడ్ ఆన్ (పాస్‌వర్డ్ అడిగి ఆగిపోకుండా)
☐ కనెక్ట్ టైమవుట్ 10 సెకన్లు
☐ సర్వర్ అలైవ్ ఇంటర్వెల్ 15, కౌంట్ 3
☐ హోస్ట్ కీ (అవతలి మిషన్ గుర్తింపు) తనిఖీ ఆన్. మిషన్ ముందు కూర్చున్నప్పుడే ఫింగర్‌ప్రింట్ రాసుకుని మిడిల్‌వేర్‌లో చేర్చండి

హోస్ట్ కీ తనిఖీ ఆపేయమనే సలహా చాలాచోట్ల కనిపిస్తుంది. వినకండి. ఎస్‌డీ కార్డు పాడై కొత్తది వేసినప్పుడు హోస్ట్ కీ మారి ఎర్రర్ వస్తుంది, నిజమే. అప్పుడు కొత్త కీని చేత్తో చేర్చడం రెండు నిమిషాల పని.

టైమవుట్ అవతలి వైపు కూడా. మిడిల్‌వేర్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌ను చంపేసినంత మాత్రాన అవతల నడుస్తున్న ప్రాసెస్ ఆగుతుందని నమ్మకం లేదు. అవతలి స్క్రిప్టులోనే "టైమవుట్" కమాండ్‌తో పనిని చుట్టండి.

ఎగ్జిట్ కోడ్లు (కమాండ్ ముగిశాక ఇచ్చే అంకెలు) చదవడం. అన్నింటినీ "ఫెయిల్" అని ఒకే గాటన కట్టకండి:

- 255: చాలావరకు ఎస్‌ఎస్‌హెచ్‌దే సమస్య. మిషన్ దాకా వెళ్లలేదు, లేదా దారి మధ్యలో తెగింది
- 124: సమయం మించింది
- 126: ఫైల్ ఉంది, నడిపే అనుమతి లేదు
- 127: కమాండ్ దొరకలేదు. ఎక్కువగా పాత్ తప్పు
- సిస్టమ్‌సీటీఎల్ "ఈజ్ యాక్టివ్"కు 3: సర్వీసు నడవడం లేదు. ఇది ఎర్రర్ కాదు, మీరు అడిగిన ప్రశ్నకు జవాబే

ఇంకొకటి. రీస్టార్ట్ కమాండ్ సున్నా ఇచ్చిందని "అయిపోయింది" అనకండి. "సింపుల్" రకం సర్వీసు ప్రాసెస్ మొదలుకాగానే సిస్టమ్‌డీ సరే అంటుంది. అది మరుక్షణం పడిపోయినా ఆ కమాండ్‌కు తెలియదు. ఐదు సెకన్లు ఆగి మళ్లీ స్థితి చూసి, అప్పుడు ఫలితం రాయండి.

## 5. అన్ని యూనిక్స్‌లూ ఒకటి కాదు

ఏపీఐలో "సర్వీస్ రీస్టార్ట్" అనే ఉండాలి, "సిస్టమ్‌సీటీఎల్" అన్న మాట ఉండకూడదు. ఉబుంటులో సిస్టమ్‌సీటీఎల్, ఫ్రీబీఎస్‌డీలో సర్వీస్, ఓపెన్‌బీఎస్‌డీలో ఆర్‌సీసీటీఎల్. ఆ తేడా మిషన్‌లోని స్క్రిప్టుకు మాత్రమే తెలియాలి. ఫ్రీబీఎస్‌డీలో విడిగా వేసుకున్న ప్యాకేజీల సెట్టింగులు యూఎస్‌ఆర్ లోకల్ కింద ఉంటాయి. ఓపెన్‌బీఎస్‌డీలో సుడో బదులు డోయాస్ వస్తుంది.

ఔట్‌పుట్ చదివే చోట ఎల్‌సీ ఆల్ (భాష సెట్టింగు) విలువను "సీ"గా పెట్టండి. డిస్క్ కోసం డీఎఫ్‌ను "పీ" ఆప్షన్‌తో వాడండి. వరసలు విరగవు, అన్నిచోట్లా ఒకే రూపం.

## 6. ప్రమాదకరమైన మూడు పనులు

రీబూట్. వెంటనే రీబూట్ చేస్తే జవాబు రాకముందే దారి తెగుతుంది. ఒక నిమిషం తర్వాత అయ్యేలా షెడ్యూల్ చేయండి. నిజంగా అయిందో లేదో తేల్చడానికి పింగ్ చాలదు. ప్రతి బూట్‌కూ లైనక్స్ కెర్నల్ ఒక కొత్త బూట్ ఐడీ ఇస్తుంది. ముందు అది చదివి పెట్టుకోండి. మిషన్ తిరిగొచ్చాక మళ్లీ చదవండి. మారితేనే జాబ్ పూర్తయినట్టు.

అప్‌డేట్. డెబియన్, ఉబుంటుల్లో ఆప్ట్ కాకుండా ఆప్ట్‌గెట్ వాడండి, ప్రశ్నలు అడగకుండా నాన్‌ఇంటరాక్టివ్ పెట్టండి. పనిని ఎస్‌ఎస్‌హెచ్ సెషన్‌లో నేరుగా నడపకండి. సిస్టమ్‌డీ రన్‌తో విడిగా వదలండి. 4జీ మధ్యలో పోయినా అప్‌డేట్ తన మానాన తాను పూర్తవుతుంది. ఇప్పటికే సగంలో ఆగిన మిషన్ ఉంటే డీపీకేజీని "కాన్ఫిగర్", "ఏ" ఆప్షన్లతో నడిపి సరిచేయండి.

ఫైర్‌వాల్. ఒక్క తప్పు రూల్‌తో మీ దారి మీరే మూసేసుకుంటారు. తర్వాత బండి వేసుకుని కొత్తపట్నం పోవాల్సిందే. వరుస ఇది:

1. ఇప్పుడున్న ఎన్‌ఎఫ్‌టీ (లైనక్స్ ఫైర్‌వాల్) రూల్స్‌ను ఫైల్‌లో దాచండి. ఆ ఫైల్ మొదట్లో "ఫ్లష్ రూల్‌సెట్" అనే లైన్ మీరే చేర్చాలి. లేకపోతే తిరిగి వేసినప్పుడు పాతవి కొత్తవాటితో కలిసిపోతాయి.
2. మూడు నిమిషాల్లో పాత రూల్స్ తిరిగి వేసే టైమర్‌ను సిస్టమ్‌డీ రన్‌తో పెట్టండి.
3. కొత్త రూల్స్ వేయండి.
4. మిడిల్‌వేర్ సరికొత్త కనెక్షన్‌తో లోపలికి రావాలి. పాత కనెక్షన్ బతికి ఉండడం రుజువు కాదు. అప్పటికే కుదిరిన కనెక్షన్లను ఫైర్‌వాల్ సాధారణంగా వదిలేస్తుంది. కంట్రోల్ మాస్టర్ (ఒకే ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్‌ను మళ్లీ మళ్లీ వాడే ఆప్షన్) వాడుతుంటే ఈ ఒక్క పనికి ఆపండి.
5. కొత్త కనెక్షన్ కుదిరితేనే టైమర్ రద్దు.

## 7. బయటి తలుపు

మీ మిషన్లన్నింటి తాళంచెవులూ ఒకే చోట ఉన్నాయని మరవకండి. 2020 వసంతంలో సాల్ట్ అనే నిర్వహణ సాఫ్ట్‌వేర్ మాస్టర్ సర్వర్‌లో లాగిన్ తనిఖీని తప్పించుకునే లోపం బయటపడింది. ప్యాచ్ వచ్చిన కొద్ది రోజులకే, 4505, 4506 పోర్టులు ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన సర్వర్ల మీద దాడులు జరిగాయి. లీనేజ్ఓఎస్ (ఆండ్రాయిడ్ ఆధారిత ఓఎస్), ఘోస్ట్ (బ్లాగింగ్ వేదిక) లాంటి పేరున్నవాళ్లకూ తప్పలేదు.

☐ మిడిల్‌వేర్ ప్రోగ్రామ్ లోకల్‌హోస్ట్ మీదే వినాలి, ముందు ఇంజిన్‌ఎక్స్, టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్షన్)
☐ వీలైతే ఏపీఐ కూడా వైర్‌గార్డ్ లోపలే. ఆఫీసు ఫోన్లలో వైర్‌గార్డ్ యాప్ వేయడం కష్టమేమీ కాదు
☐ మనిషికొక టోకెన్. "ఆఫీసు టోకెన్" అని ఒకటే అందరికీ ఇస్తే లాగ్‌కు అర్థం ఉండదు
☐ టోకెన్‌ను యూఆర్‌ఎల్‌లో పెట్టొద్దు, ఇంజిన్‌ఎక్స్ లాగ్‌లో పడుతుంది. హెడర్‌లో పంపండి
☐ డేటాబేస్‌లో టోకెన్ హ్యాష్ (తిరిగి టోకెన్‌గా మార్చలేని ముద్ర) మాత్రమే
☐ మితిమీరి అడిగితే 429
☐ లాగ్ కాపీ ఎప్పటికప్పుడు వేరే మిషన్‌కు వెళ్లాలి

## 8. పరీక్షించే వరుస

మొదట మీ టేబుల్ మీద ఉన్న ఒక పాత మిషన్. తర్వాత దగ్గర్లో, బండి మీద అరగంటలో పోగలిగే చోట ఒకటి. దూరపువి ఆఖర్న. ప్రతి దశలో ఇవి చేసి చూడండి:

☐ తప్పు టోకెన్, అనుమతి లేని పని, జాబితాలో లేని సర్వీసు పేరు
☐ పేరులో సెమీకోలన్, డాలర్ గుర్తు, కొత్త లైన్
☐ ఒకే పని ఒకేసారి ఇద్దరి నుంచి
☐ పని మధ్యలో డాంగిల్ పీకేయడం
☐ బాక్సుకు కరెంటు తీసి, పది నిమిషాలు ఆగి పెట్టడం
☐ మిడిల్‌వేర్ కీతో చేత్తో ఎస్‌ఎస్‌హెచ్ చేసి షెల్ కోసం ప్రయత్నించడం (రాకూడదు)

డాంగిల్ పీకే పరీక్షను మాత్రం ఎగ్గొట్టకండి. మిగతావన్నీ ఆఫీసులో కూర్చుని ఊహించుకోవచ్చు, ఇది ఊహకు అందదు.

## 9. తరచూ వచ్చే ఫిర్యాదులు, మందులు

"చేత్తో నడిపితే నడుస్తుంది, ఏపీఐ నుంచి 127 వస్తోంది." మీ లాగిన్ షెల్‌కు ఉన్న పాత్, ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా వచ్చే సెషన్‌కు ఉండదు. స్క్రిప్టులో పూర్తి పాత్‌లు రాయండి.

"కీ సరిగ్గానే ఉంది, పర్మిషన్ డినైడ్ అంటోంది." హోమ్ ఫోల్డర్‌ను గానీ కీ ఫైల్‌ను గానీ గ్రూపు రాయగలిగేలా ఉంటే ఎస్‌ఎస్‌హెచ్ ఆ కీని ఒప్పుకోదు. అనుమతులు బిగించండి. ఐపీ మారి "ఫ్రమ్" కట్టుబాటు అడ్డుపడుతోందేమో కూడా చూడండి.

"జేసన్ పాడైపోయి వస్తోంది." షెల్ స్టార్టప్ ఫైల్‌లో ఎవరో స్వాగత సందేశం ప్రింట్ చేయిస్తుంటారు. తీసేయండి. మీ స్క్రిప్టులో కూడా ఫలితం స్టాండర్డ్ ఔట్‌కు, మిగతా మాటలన్నీ స్టాండర్డ్ ఎర్రర్‌కు.

"అప్‌డేట్ జాబ్ లాక్ దొరకలేదంటోంది." ఉబుంటు తనంతట తాను చేసుకునే అప్‌డేట్ అప్పుడే నడుస్తూ ఉంటుంది. లాక్ ఫైల్‌ను చెరిపేయకండి. ఆప్ట్‌గెట్‌కు లాక్ కోసం కొన్ని నిమిషాలు ఆగే టైమవుట్ ఇవ్వండి.

"డిస్క్ ఖాళీ ఉంది, ఫైల్ రాయలేనంటోంది." ఐనోడ్లు (ఒక్కో ఫైల్‌కు ఒకటి చొప్పున ఉండే నమోదులు) అయిపోయి ఉంటాయి. డిస్క్ పనిలోనే ఐనోడ్ల లెక్క కూడా చేర్చండి.

"మనిషి మానేశాడు, ఇప్పుడేం చేయాలి?" అతని టోకెన్ ఒక్కటి రద్దు చేస్తే చాలు. అతనికి మిడిల్‌వేర్ సర్వర్‌లోనే లాగిన్ ఉండి ఉంటే లెక్క వేరు. ఎస్‌ఎస్‌హెచ్ కీ, వైర్‌గార్డ్ కీ రెండూ మార్చాలి. ముందు ప్రతి మిషన్‌లో కొత్త ఎస్‌ఎస్‌హెచ్ కీని చేర్చి, దానితో లోపలికి వెళ్లగలుగుతున్నారని చూసుకున్నాకే పాతది తీయండి.